పగలు ఆటకు గురువు... రాత్రి పాటకు శిష్యుడు

ఐర్లండు పల్లెల ముచ్చట – కిన్నెరసాని ఒడ్డుకు ఒక పాఠం

పాల్వంచ: పరదేశం పోయి అక్కడి పిల్లలకు బంతాట నేర్పడం ఒక ఉద్యోగం. దానికి జీతం ఉంటుంది, గౌరవం ఉంటుంది. పొద్దుగూకాక అదే ఊళ్ళో ముసలివాళ్ళ పక్కన పీట వేసుకుని, వేళ్ళు తడబడుతుంటే సిగ్గుపడుతూ వాళ్ళ పాట నేర్చుకోవడానికి మాత్రం జీతమూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. అయినా ఐర్లండు దేశానికి ఆటల కోచ్‌లుగా వెళ్ళినవారికి ఈ రెండో బడి కూడా తలుపు తీసే ఉంటుంది. వెళ్ళి కూర్చోవడం వారి వారి మనసును బట్టి ఉంటుంది.

ఎక్కడి ఐర్లండు, ఎక్కడి పాల్వంచ అని పాఠకులకు అనిపించవచ్చు. కాని పాల్వంచకు దగ్గరలోనే, కిన్నెరసాని జలాశయం పక్కన, గిరిజన బాలల కోసం ప్రభుత్వం నడిపే క్రీడా పాఠశాల ఉంది. అక్కడ ఆటలున్నాయి. చుట్టూ ఉన్న కోయ గూడేల్లో డోలు ఉంది, రేలా పాట ఉంది. ఈ రెండింటి మధ్య దారి వేయడం ఎలాగో తెలుసుకోవాలంటే ఆ దూరదేశపు ముచ్చట పనికివస్తుంది.

బంతి పట్టుకుని వచ్చినవారు

ఐర్లండు ఇంగ్లండుకు పడమర సముద్రంలో ఉన్న ద్వీపం. దాని ఈశాన్యపు మూల బ్రిటన్ ఏలుబడిలో ఉంది. తక్కినది స్వతంత్ర దేశం. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఉన్నది సుమారు 51 లక్షల మంది. మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలాంటివి రెండు కలిపితే దాదాపు ఆ లెక్క వస్తుంది. వానలు ఎక్కువ, పచ్చిక ఎక్కువ, పాడి ఎక్కువ. పల్లెలు చిన్నవి.

ఇంత చిన్న దేశానికి బయటినుంచి ఆటల గురువులు వస్తూనే ఉన్నారు. 1979లో కిల్లార్నీ పట్టణపు బాస్కెట్‌బాల్ జట్టు అమెరికా ఆటగాళ్ళను రప్పించింది. ఆ దారినే తక్కిన పట్టణాలూ పట్టాయి. అప్పటిదాకా నల్లజాతివారిని సినిమాల్లో తప్ప చూడని చాలామంది పల్లె పిల్లలకు వాళ్ళే అభిమాన వీరులయ్యారు. ఈ కాలంలో కూడా అమెరికా కళాశాలల్లో ఆడిన యువతీయువకులు ఐర్లండు వస్తున్నారు. ఒక పక్క పైచదువు, ఒక పక్క క్లబ్బు జట్టుకు ఆట, ఇంకో పక్క పిల్లలకు శిక్షణ, ఇదీ వారి దినచర్య.

అందరికన్నా పేరు తెచ్చుకున్నది న్యూజిలాండుకు చెందిన జో ష్మిట్. ఇంగ్లీషు పాఠాలు చెప్పే బడిపంతులు. 1990 దశకం తొలినాళ్ళలో ఆయన ఐర్లండు నడిబొడ్డున ముల్లింగార్ పట్టణానికి వచ్చి రగ్బీ ఆడాడు, దగ్గరి పాఠశాలలో పిల్లలకు రగ్బీ నేర్పాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2013లో, ఐర్లండు జాతీయ జట్టుకే ప్రధాన కోచ్ అయ్యాడు. 2019 దాకా ఆ పదవిలో ఉన్నాడు. అప్పటివరకు నూరేళ్ళకు పైగా ఒక్కసారి కూడా న్యూజిలాండును ఓడించలేకపోయిన ఐర్లండు, 2016 నవంబరులో షికాగో నగరంలో ఆ జట్టును మొదటిసారి ఓడించింది. ఓడించిన జట్టు గురువు ఓడిన దేశపు బిడ్డే కావడం విశేషం.

ఆ ముల్లింగార్ పట్టణానికే ఇంకో పేరు కూడా ఉంది. ఐరిష్ జానపద సంగీతానికి మళ్ళీ ప్రాణం పోసిన సంఘం 1951లో పుట్టింది అక్కడే. కోల్తస్ అని దాని పేరు. ఆ ఏడాదే అక్కడ తొలి సంగీత జాతర జరిగింది. ఈ జాతరను వాళ్ళు ఫ్లా అంటారు. 2022, 2023 సంవత్సరాల్లో అది తిరిగి పుట్టినింటికే వచ్చింది. అంటే ఆ దేశంలో ఏ ఊరికి బంతి పట్టుకుని వెళ్ళినా, పక్క వీధిలో పాట వినపడుతుందన్న మాట.

చెవే పుస్తకం

ఆ పాట కూర్చునే చోటును సెషన్ అంటారు. చాలా ఊళ్ళలో అది పబ్‌లోనే జరుగుతుంది. పబ్ అంటే తాగే కొట్టే అయినా, ఊరివాళ్ళకు రచ్చబండ కూడా అదే. ఒక మూల నాలుగు కుర్చీలు వేసుకుంటారు. ఒకరి చేతిలో ఫిడేలు. మన కచేరీల్లో వాయించే వయొలినే అది, పట్టుకునే తీరు వేరు. ఒకరి దగ్గర చెక్క పిల్లనగ్రోవి. ఒకరి ఒళ్ళో హార్మోనియంకు చుట్టమైన అకార్డియన్. ఇంకొకరు కమ్మరి కొలిమి తిత్తిలాంటిదాన్ని మోచేతితో నొక్కుతూ సన్నాయిలాంటి గొట్టాన్ని పలికిస్తారు. దాన్ని ఇల్లన్ పైప్స్ అంటారు. వీధిభాగవతులు శ్రుతికి పట్టే తోలుతిత్తిని చూసిన పెద్దలకు ఈ వాద్యం కొత్తగా అనిపించదు.

అన్నింటికన్నా మనకు దగ్గరిది బోరాన్. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వాద్యం. చూస్తే మన డప్పే. డప్పును చిర్ర, చిటికెన పుల్ల అనే రెండు కర్రలతో వాయిస్తే, బోరాన్‌ను ఒకే పొట్టి కర్రతో వాయిస్తారు. రెండో చెయ్యి చట్రం లోపల తోలును నొక్కి పట్టుకుని గొంతు మారుస్తుంది. వాన పడితే అదీ మెత్తబడుతుంది. డప్పును మంటకు కాచినట్టు దాన్నీ వేడికి పెట్టే అలవాటు అక్కడి పాతకాపులకు ఉండేది.

పాటల నడకలు కూడా మన చెవికి అందేవే. జిగ్ అనే వరస ‘తకిట తకిట’ అని మూడేసి దెబ్బల మీద నడుస్తుంది. రీల్ అనేది ‘తకధిమి తకధిమి’ అని నాలుగేసి దెబ్బల మీద పరుగెడుతుంది. స్లిప్ జిగ్ అనేదానికి మూడు ‘తకిట’లు కలిపి తొమ్మిది దెబ్బలు. భజన మండలిలో తాళం పట్టినవాళ్ళెవరైనా అయిదు నిమిషాల్లో వీటిని పోల్చుకోగలరు.

నేర్చుకునే పద్ధతే కొత్తవారికి కష్టం. కాగితం మీద స్వరాలు ఉన్నా, పాతవాళ్ళు వాటిని పక్కన పెట్టమంటారు. గురువు రెండు ముక్కలు వాయిస్తాడు. శిష్యుడు విని మళ్ళీ వాయించాలి. తప్పితే గురువు కోప్పడకుండా ఇంకోసారి వాయిస్తాడు. ఒక్కో వరసకు సాధారణంగా రెండు భాగాలు. ఒక్కో భాగాన్ని రెండుసార్లు వాయించాలి. అట్లా మూడు వరసలు గుచ్చితే ఒక దండ. వందల వరసలు కడుపులో పెట్టుకున్న ముసలివాళ్ళున్నారు. కొత్తగా వచ్చినవారు ముందు కొన్నాళ్ళు ఊరికే వినాలన్నది మర్యాద. బోరాన్ ఒకరు వాయిస్తుంటే రెండోవారు అడగకుండా కర్ర ఎత్తరు.

చాలామంది తొలి అడుగు వేసేది ఆరు రంధ్రాల చిన్న రేకు ఈలతో. ధర తక్కువ. అక్కడి బడిపిల్లలు కూడా దానితోనే మొదలుపెడతారు. పొద్దున మైదానంలో పిల్లవాడికి బంతి పట్టడం చూపించిన కోచ్, రాత్రి ఆ పిల్లవాడు ఎప్పుడో నేర్చేసుకున్న పాటను పట్టలేక తంటాలు పడవలసి రావచ్చు.

మేలంతా అక్కడే ఉంది. ఆట బాగా వచ్చినవారికి రానివారి బాధ మరపునకు వస్తుంది. చెయ్యి ఎందుకు తిరగడం లేదో, చెప్పింది ఎందుకు బుర్రకెక్కడం లేదో అర్థం కాదు. విసుగు పుడుతుంది. ఈల పట్టుకుని వేళ్ళు తిరగక కూర్చున్న మాస్టారుకు మర్నాడు బంతి జారవిడిచిన పిల్లవాడి మీద కోపం రాదు. ‘మళ్ళీ ఒకసారి’ అనే మాటకు అర్థం ఆయనకు రాత్రే తెలిసి ఉంటుంది.

ఆటా పాటా ఒకే గొడుగు కింద

ఐర్లండులో ఈ కలయికకు పునాది పాతది. 1884 నవంబరు 1న థర్లెస్ అనే పట్టణంలో ఒక హోటలులో కొద్దిమంది కూర్చుని గేలిక్ క్రీడా సంఘం పెట్టారు. ముందు నిలిచినది మైకేల్ కుసాక్ అనే బడిపంతులు. ఇంగ్లీషు దొరల ఆటల ధాటికి మన ఆటలు పోతున్నాయన్న ఆవేదనే దానికి మూలం. హర్లింగ్ అనే కర్రబంతి ఆటను, గేలిక్ ఫుట్‌బాల్‌ను ఆ సంఘం ఊరూరా నిలబెట్టింది. హర్లింగ్‌కు ఒక్కో పక్షాన 15 మంది. చేతిలో వంపు తిరిగిన కర్ర, తోలు కుట్టిన చిన్న బంతి. మన చిర్రగోనె ఆడినవారికి చేతికీ కంటికీ ఎంత పొందిక కావాలో వేరే చెప్పనక్కరలేదు.

డబ్లిన్ నగరంలోని ఆ సంఘపు మైదానంలో 82 వేల మంది కూర్చోవచ్చు. అంతమంది చూస్తుండగా ఆడే ఆటగాళ్ళు కూడా ఆటకు జీతం తీసుకోరు. సోమవారం పొద్దున ఒకరు బడికి, ఒకరు పొలానికి, ఒకరు బ్యాంకుకు పోవలసినవారే. ఊరి జట్టు తరఫున ఆడటమే వాళ్ళ బహుమతి.

ఈ సంఘమే 1969లో స్కోర్ అనే పోటీలు మొదలుపెట్టింది. చలికాలంలో మైదానాలు తడిసి ఆటలు ఆగిన రోజుల్లో క్లబ్బు సభ్యులు ఊరికే కూర్చోకూడదని ఆలోచన. పాట, వాద్యం, నాట్యం, కథ చెప్పడం, ప్రశ్నోత్తరాలు వంటి అంశాల్లో ఊరి క్లబ్బులు పోటీ పడతాయి. పిల్లలకు వేరే విభాగం ఉంది. వేసవిలో ఏ రంగు చొక్కా వేసుకుని కర్రబంతి ఆడారో, అదే ఊరి పేరు మీద చలికాలంలో ఫిడేలు వాయిస్తారు. ఆటలో బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు పాటలో ఊరికి బహుమతి తేవచ్చు.

బయటివారిని కలుపుకోవడంలో కూడా ఆ క్లబ్బులు ముందున్నాయి. షాన్ ఓగ్ ఓ హాల్పిన్ అనే ఆటగాడి తల్లిది ఫిజీ దీవుల ప్రాంతం. 2005లో కార్క్ కౌంటీ హర్లింగ్ జట్టుకు నాయకుడుగా కప్పు గెలిచి, ఆయన గెలుపు ప్రసంగాన్ని ఐరిష్ భాషలోనే చేశాడు. ఆ దేశంలో పుట్టినవారిలోనే ఎంతోమంది ధారాళంగా మాట్లాడలేని భాష అది.

ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో మానవజాతి సంపదగా గుర్తించిన కళల పట్టికలో ఇల్లన్ పైప్స్ వాదనం 2017లో, హర్లింగ్ ఆట 2018లో, ఐరిష్ హార్ప్ వాద్యం 2019లో చేరాయి. వరసగా మూడేళ్ళలో ఒక వాద్యం, ఒక ఆట, మళ్ళీ ఒక వాద్యం.

ఒకప్పుడు అక్కడా గడ్డు రోజులే

ఇదంతా చూసి ఐర్లండువారు ఎప్పుడూ ఇట్లాగే ఉన్నారనుకుంటే పొరపాటు. 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు. పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. వారితో పాటు పాటలూ పోయాయి. 1935లో నృత్యాలకు లైసెన్సు ఉండాలన్న చట్టం వచ్చింది. ఇళ్ళలో జరిగే పల్లె నాట్యాలకు దానితో గట్టి దెబ్బ తగిలింది. ఫిడేలు వాయించడం పేదరికానికి గుర్తని పడుచువాళ్ళు దాచుకునే రోజులు వచ్చాయి.

నిలబెట్టింది ఎవరు? తమ తమ కొలువులు చేసుకుంటూనే పాటను వదలనివారు. కార్క్ ప్రాంతంలో పుట్టి అమెరికా చేరిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1901 నుంచి 1905 వరకు షికాగో పోలీసు అధిపతి. పగలు దొంగలను పట్టడం, రాత్రి వలసవచ్చిన ఐరిష్‌వాళ్ళ దగ్గర పాటలు పట్టడం ఆయన పని. అట్లా కూడబెట్టిన 1,850 వరసలతో 1903లో పుస్తకం వేశాడు. ఐర్లండులో మరిచిపోయిన వరసలను తర్వాతి తరాలవారు ఆ పుస్తకంలో వెదుక్కున్నారు. క్లేర్ కౌంటీలోని మిల్‌టౌన్ మల్బేకు చెందిన విల్లీ క్లాన్సీ వడ్రంగి, పైప్స్ విద్వాంసుడు. 1973లో ఆయన చనిపోతే ఆ ఏడాదే ఆయన పేర వేసవి బడి పెట్టారు. ఏటా జూలైలో వారం రోజులు జరిగే ఆ బడికి నానా దేశాలవారు వస్తారు. చిన్న ఊరు అది. ఇళ్ళలో, బడుల్లో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ పాఠాలు జరుగుతాయి.

మదనపల్లెలో ఐరిష్ వనిత

పరదేశంలో పాఠం చెబుతూ ఆ దేశపు పాటకు చెవి ఒగ్గిన ఉదంతం మన తెలుగు నేల మీదే ఒకటి ఉంది. మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో బోయిల్ అనే పట్టణంలో 1878లో పుట్టింది. సంగీతంలో పట్టభద్రురాలు. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో భారతదేశం వచ్చింది. భర్త అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లెలో బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో పనిచేశారు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు ఆ కళాశాలకు వచ్చి కొద్ది రోజులున్నారు. ఒక సాయంత్రం విద్యార్థుల పాటల గోష్ఠిలో తాను రాసిన ‘జనగణమన’ పాడారు. మార్గరెట్ ఆ బాణీని శ్రద్ధగా విని పాశ్చాత్య స్వరలిపిలోకి దించడంలో సాయపడింది. టాగూరు ఆ గీతానికి ఇంగ్లీషు రూపం రాసింది కూడా మదనపల్లెలోనే, 1919 ఫిబ్రవరి 28న. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమైంది. నేర్పడానికి వచ్చినవారు వినడం మొదలుపెడితే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

కిన్నెరసాని ఒడ్డున

ఇక మన ఊరి సంగతి. పాల్వంచకు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇతర కర్మాగారాలు వచ్చిన నాటినుంచి ఎన్నో జిల్లాలవారు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడ్డారు. వారిలో ఎంతోమంది ముప్పై ఏళ్ళు ఇక్కడ పనిచేసి పింఛను పుచ్చుకున్నా కోయ భాషలో నాలుగు మాటలు నేర్వలేదు. పక్క గూడెం వారికి బయటి ప్రపంచం అంతా నేర్పేదే తప్ప, వారి దగ్గర నేర్చుకునేది తక్కువ. పరదేశం అంటే ఓడెక్కి పోయేదే కానక్కరలేదు. మైదానం ఊళ్ళనుంచి ఏజెన్సీ బడికి బదిలీ అయి వచ్చిన డ్రిల్లు మాస్టారుకు గూడెం కూడా కొత్త దేశమే.

నేర్చుకోదగింది లేదా అంటే ఎంతో ఉంది. అడవిదున్న కొమ్ముల తలపాగా కట్టి, మెడలో పెద్ద డోలు వేసుకుని మగవారు ఆడే కొమ్ము నాట్యం ఉంది. ఆడవారు చేతులు కలిపి ఒకే అడుగు మీద కదిలే రేలా ఉంది. ఆ అడుగుల పొందిక చూసిన ఏ కోచ్ అయినా కబడ్డీ జట్టుకు అంతకన్నా మంచి కసరత్తు లేదని ఒప్పుకుంటాడు. ఊపిరి పట్టడం, పక్కవాడి కదలిక కంటితో చూడకుండానే గుర్తించడం, అలసిపోయినా వరస తప్పకపోవడం ఆటకూ కావలసినవే.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళం కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయ భాషలోనూ తెలుగులోనూ గానం చేసేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర విద్వాంసుడు దర్శనం మొగులయ్యకు కూడా వచ్చింది. 2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు. అటువంటి వారి కథలు పుస్తకంలో చదివి నేర్చేవి కావు. పక్కన కూర్చుని, విని, తప్పులు చేసి, మళ్ళీ విని పట్టుకోవలసినవి. పక్కన కూర్చునే పిల్లవాడు హాస్టలుకు, కోచింగుకు, పట్నానికి వెళ్ళిపోతే పెద్దవాళ్ళ కడుపులోని పాట వారితోనే పోతుంది.

క్రీడా పాఠశాలలో చేరిన కోయ పిల్లవాడు ఆటలో రాణించి జిల్లాకు పతకం తేవాలి. అందులో రెండో మాట లేదు. కాని ఆట కోసం గూడెం విడిచిన పిల్లవాడు డోలు కూడా విడవాలన్న నియమం ఎక్కడా లేదు. ఆట, పాట రెండూ ఒకే పిల్లవాడి చేతుల్లో ఉండవచ్చునని ఐర్లండు పల్లెలు చూపించాయి.

ఖర్చు తక్కువ పని

చేయదగింది పెద్దదేమీ కాదు. క్రీడా పాఠశాలల్లో, ఆశ్రమ పాఠశాలల్లో వారానికి ఒక సాయంత్రం గూడెం పెద్ద ఒకరిని పిలిచి కూర్చోబెట్టవచ్చు. బస్సు చార్జీలు, పూట భోజనం, తగిన గౌరవ వేతనం ఇస్తే చాలు. ఆ సాయంత్రం మాస్టార్లు కూడా పిల్లలతో పాటు నేల మీద కూర్చుని ఒక వరస నేర్చుకోవాలి. పిల్లలకు ముందే వచ్చిన వరస అయితే పిల్లలే మాస్టారుకు చెబుతారు. తన తాత పాటను మాస్టారు కష్టపడి నేర్చుకోవడం చూసిన పిల్లవాడు దాన్ని చెప్పుకోవడానికి సిగ్గుపడడు.

సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టే యువజన సంఘాలు మన మండలాల్లో తక్కువేమీ లేవు. ఆ సంఘాలే పగటి ఆటకు తోడు రాత్రి డోలు, రేలా, కోలాటం, భజన పోటీలు పెట్టి, రెండింటి మార్కులూ కలిపి ఊరికి షీల్డు ఇవ్వవచ్చు.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. కొలుపుకు వాయించేది వేరు, వేడుకకు వాయించేది వేరు. ఏది ఎక్కడ వాయించవచ్చో చెప్పవలసింది గూడెం పెద్దలే. అడిగి నేర్చుకోవాలి. నాయకులు వచ్చినప్పుడు ఎండలో నిలబెట్టి స్వాగతం వాయించుకోవడానికి మాత్రమే కొమ్ముడోలును పిలిచే అలవాటు పోవాలి.

ముల్లింగార్‌లో 1951లో కూర్చున్నవారు కొద్దిమందే. నేడు ఆ జాతరకు లక్షల మంది వస్తున్నారు. కిన్నెరసాని ఒడ్డున మొదటి సాయంత్రం పదిమంది పిల్లలు, ఒక పెద్దాయన, ఒక డ్రిల్లు మాస్టారు కూర్చున్నా చాలు. ఆ పెద్దలు ఇంకా మన మధ్య ఉండగానే ఆ సాయంత్రం రావాలి.